చెత్త మీది, ఎత్తే చెయ్యి మాదా?

పోయిన నెల మాకు దగ్గర్లోని ఒక ఊళ్లో, ఎస్సీ కాలనీ కమ్యూనిటీ హాలు ముందట ఒక సభ పెట్టారు. "ఇంట్లో చెత్త తగ్గించుకోవడం ఎలా" అన్నది సభ పేరు. పట్నం నుంచి కార్లలో నలుగురు వచ్చారు. కూలికి పోవలసిన ఆడవాళ్లను పొద్దున్నే ఆపి కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ వాడొద్దన్నారు. బట్ట సంచీ పట్టుకొని అంగడికి పొమ్మన్నారు. మిగిలిన అన్నం పారెయ్యొద్దన్నారు. మిగిలిన అన్నమట! రేషన్ బియ్యంతో నెల ఎల్లదీసే ఇండ్లల్ల మిగిలిన అన్నం గురించి గంటసేపు ఉపన్యాసం. సభ అయిపోయింది. వచ్చినవాళ్లు తాగిన నీళ్ల సీసాలు కుర్చీల కిందనే ఉన్నాయి. టిఫిన్ పొట్లాలు, పేపర్ ప్లేట్లు, వెనక కట్టిన ఫ్లెక్సీ అన్నీ ఆడనే. కార్లు పోయినంక చీపురు పట్టుకొని వచ్చిందెవరు? పంచాయతీలో సఫాయి పని చేసే అక్క. ఆమె ఇల్లు ఆ కాలనీలోనే. పొద్దుటి నుంచి ముందు వరుసలో కూచొని ఆ పాఠమంతా విన్నదీ ఆమే.

ఏం నేర్చుకున్నవక్కా అని అడిగాం. "ఏమున్నది, చెత్త తక్కువ చెయ్యాల్నంట. చేసేటోళ్లకు చెప్పకపోయిరి" అన్నది.

ఆమె మాట పట్టుకొనే ఇది రాస్తున్నాం.

చెత్త తగ్గొద్దని మేం అనడం లేదు. తగ్గాలె. తగ్గాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది మేమే, ఎందుకంటే ఎవరింట్లో పుట్టిన చెత్తయినా చివరికి వచ్చి పడేది మా చేతుల్లో, మా వాడ పక్కన. కానీ ఈ ముచ్చట చెప్పేవాళ్లందరూ దీన్ని మంచి అలవాటు కింద, శుభ్రత కింద, భూమాత కింద చెప్తున్నారు. మేం కులం కింద చెప్తున్నాం. ఈ దేశంలో చెత్త చేసేది ఒక కులం, ఎత్తేది ఇంకో కులం. తను చేసిన మురికిని తను ముట్టుకోనవసరం లేని మనిషి దాన్ని ఎందుకు తగ్గిస్తాడు?

రెండిండ్ల చెత్త పక్కపక్కన పెట్టి చూడండి. వాడలో ఒక ఇల్లు. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు నీళ్లు పక్కింటి బర్రె కుడిది గోలెంలోకి పోతాయి. చిరిగిన చీర ఉయ్యాలవుతుంది, ఉయ్యాల చిరిగితే బొంతలోకి పోతుంది, బొంత కూడా పీలికలైతే పొయ్యికాడి మసిగుడ్డ. నూనె డబ్బా నీళ్లకు, పాత సైకిల్ ట్యూబు మూట కట్టడానికి. ఇంక మిగిలేది నూనె ప్యాకెట్టు, షాంపూ పొట్లం, పిల్లల బిస్కెట్ కవరు. అదీ గుప్పెడు. ఇప్పుడు పట్నంలో అపార్టుమెంటు డబ్బా చూడండి. ఫోనులో తెప్పించిన సరుకు చుట్టూ అట్టపెట్టె, పెట్టెలో బుడగల ప్లాస్టిక్, దాని లోపల ఇంకో కవరు. నిన్నటి బిర్యానీ సగం. పూజ చేసిన పూలు. పిల్లవాడి డైపర్లు. పగిలిన బల్బు, వాడిన బ్లేడు. అన్నీ ఒకే నల్ల కవర్లో, మూతి బిగించి.

వాడ ఇంటి సంగతి మేం గొప్పకు చెప్పుకోవడం లేదు. మాకు చెత్త లేకపోవడం మా పుణ్యం కాదు, మా పేదరికం. పల్లెజనం ప్రకృతితో కలిసి ఎంత చక్కగా బతుకుతున్నారో అని మురిసిపోయే పెద్దమనుషులు కొందరు తయారయ్యారు. వాళ్లకు ఒక దండం. మా పిల్లలూ డబ్బాలో కొత్త బూట్లు కొనుక్కోవాలనే మేం కొట్లాడుతున్నాం. కాకపోతే ఒక మాట. తగ్గించే విద్య మాకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

అసలు ఈ ఊళ్లు పారేసిన దాన్ని పనికొచ్చే వస్తువుగా మార్చింది ఎవరు? గొడ్డు చస్తే ఆసామి ముక్కు మూసుకొని కబురు పంపేవాడు. మాదిగ తండ్రి వచ్చి ఈడ్చుకుపోయేవాడు. తోలు ఒలిచి, సున్నం పెట్టి, తంగేడు చెక్కతో లందలో ఊరబెట్టి, దాన్ని చెప్పులు చేశాడు, మోట బొక్కెన చేశాడు, పగ్గాలు చేశాడు, డప్పు చేశాడు. ఆ బొక్కెనతో తోడిన నీళ్లతోనే ఆసామి పొలం పండింది. ఆ చెప్పులతోనే ఆసామి ముళ్లమీద నడిచాడు. బొక్కెన ముట్టుకుంటే మైల లేదు, చేసినవాణ్ని ముట్టుకుంటే మైల! ఈరోజు ఇదే పనికి ఇంగ్లీషు పేరు పెట్టి, కంపెనీ పెట్టి, అవార్డులు తీసుకుంటున్నారు. చచ్చిన గొడ్డు పనులు వదిలెయ్యమని అంబేద్కర్ మన జనానికి 1927లో మహాడ్‌లో చెప్పాడు. పని నీచమని కాదు. ఆ పని పేరుతో మనిషిని నీచం చేశారు గనుక. పుట్టుకను బట్టి పాకీపని అంటగట్టే దేశం ఇది అని కూడా ఆయనే తేల్చి చెప్పాడు.

ఊరు మురికి ఎటు పారుతుందో చూస్తే వాడ ఎక్కడుందో తెలుస్తుంది. కారంచేడు గుర్తు చేసుకోండి. కత్తులూ గొడ్డళ్లూ అందరికీ గుర్తున్నాయి. మొదలు ఎక్కడైందో కొత్తగా ఉద్యమంలోకి వచ్చిన పిల్లలకు తెలియడం లేదు. 1985 జులై 16 సాయంత్రం, మాదిగపల్లె తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు బర్రెలకు కుడితి పెట్టి, ఆ బకెట్లు కడిగిన నీళ్లు చెరువులోకి వదిలారు. ఇది మేం తాగే నీళ్లు అన్నాడు ఒక పిల్లవాడు. వాణ్ని కొట్టబోతే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మరునాడు 17న పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఒక ఇంటి కుడితి ఎక్కడ పొయ్యాలి అన్న ప్రశ్న అది. మీ చెత్త మా నీళ్లలో వెయ్యొద్దు అన్నందుకు ఆరు ప్రాణాలు. ఇప్పుడు చెప్పండి, చెత్త సంగతి శుభ్రత పాఠమా?

ఇప్పుడు చెరువు స్థానంలో డంపింగ్ యార్డు వచ్చింది. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలైనప్పటి నుంచి ఊరూరికీ ట్రాక్టరు ఇచ్చారు, చెత్త వేరు చేసే షెడ్డు కట్టారు. మంచిదే. షెడ్డుకు జాగ ఎక్కడ చూపించారో మీ ఊళ్లో మీరే చూడండి. మేం తిరిగిన ఊళ్లలో చాలాచోట్ల అది మా శ్మశానం పక్కన, లేకపోతే కాలనీ వెనక. షెడ్డు తాళం తుప్పు పట్టి ఉంటుంది. దాని ముందు కుప్ప పొగ లేస్తూ ఉంటుంది. ప్లాస్టిక్ కాలిన పొగ ఊరి బొడ్రాయి దాకా పోదు, గాలి ఎటున్నా మా ముసలోళ్ల దగ్గు దాకా వస్తుంది.

ఇక పట్నం సంగతి. హైదరాబాదులో చీపురు పట్టేవాళ్లలో ఎక్కువమంది మాదిగ ఆడవాళ్లు, తరాల కింద వచ్చిన మెహతర్లు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు పోతే రెల్లివాళ్లు. ప్రభుత్వాలు మారాయి, చీపురు చేతులు మారలేదు. పొద్దున ఐదింటికి బండితో పోయే ఒక చెల్లెలితో మేం నాలుగు వీధులు తిరిగాం. మూడో అంతస్తు ఇంటావిడ బకెట్‌ను తాడుతో కిందికి దింపుతుంది. కింద ఇంటావిడ బకెట్ గుమ్మం ముందు పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతుంది. ఎందుకు జరిగిందో ఆమెకూ తెలియదేమో, అమ్మమ్మ నుంచి కాళ్లకు వచ్చిన అలవాటు. చెల్లెలు కవరు మూతి విప్పి చెయ్యి పెడుతుంది. పాచిన పప్పులో గాజు పెంకు. కాగితాల మధ్య పిల్లవాడి మలం. దుమ్ములో సూది. ఆమె చేతులు మాకు చూపించింది. ఎన్ని గీతలో లెక్కపెట్టలేదు.

అందుకే మేం అంటున్నాం. తడీ పొడీ కలిపి ఇచ్చిన బకెట్ బద్ధకం కాదు, హుకుం. "నేను కలుపుతాను, నువ్వు చెయ్యి పెట్టి ఏరు" అన్న హుకుం. వెట్టి పోయిందని ఎవరు చెప్పారు? వెట్టి బకెట్‌లో కూచొని రోజూ పొద్దున గుమ్మం ముందుకు వస్తోంది.

వేరు చెయ్యడం ఇంటివాడి బాధ్యత అని పట్టణాలకు 2016లో వచ్చిన ఘన వ్యర్థాల రూల్స్‌లో స్పష్టంగా రాశారు. తడి ఒకటి, పొడి ఒకటి, ప్రమాదకరమైనవి ఒకటి. ప్యాడ్లు, డైపర్లు చుట్టి పొడి చెత్త డబ్బాలో వెయ్యాలన్నారు. అంతకు ముందే 2015లో హైదరాబాదులో ఇంటింటికీ ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పంచారు. ఆ డబ్బాలు చాలా ఇండ్లలో బియ్యానికీ నీళ్లకూ పనికొచ్చాయి. అయినా కాదని కాదు, అవుతుంది. 2003లో సూర్యాపేట మున్సిపాలిటీ చేసి చూపించింది. రెండు డబ్బాలు, ఇంటి దగ్గరే వేరు చెయ్యడం, తడిది ఎరువు, పొడిది అమ్మకం. పెద్ద యంత్రాలు లేవు, విదేశీ అప్పు లేదు. దూరదూరం నుంచి వచ్చి చూసిపోయారు. చూసి పోయినవాళ్లు తమ ఊళ్లలో ఎందుకు చెయ్యలేదు? చేసేది కాదని కాదు. చెయ్యకపోయినా ఏరడానికి మనిషి దొరుకుతాడు గనుక. చవకగా దొరుకుతాడు గనుక.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చెత్త పన్ను పెడితే జనానికి కోపం వచ్చింది, 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని తీసేసింది. పన్ను గురించి ఎంత చర్చ! ఆ పైసల్లో ఎన్ని బండి ఎక్కిన మనిషి చేతికి గ్లౌజులై వచ్చాయని అడిగినవాళ్లు ఎంతమంది? 2015 జులైలో తెలంగాణలో, 2023 డిసెంబరు 26 నుంచి ఆంధ్రలో మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు పత్రికల నిండా చెత్తకుప్పల ఫొటోలే. కంపు కొడుతోందని ఏడుపు. జీతం ఎంత అని అడిగింది తక్కువమంది. ఈ పది రోజులు మనం చెత్త తక్కువ చేద్దాం అనుకున్న కాలనీ ఒక్కటీ మా చెవిన పడలేదు.

బాత్రూంలో పడేసే దాని సంగతి కూడా చెప్పాలి. ప్యాడు, గుడ్డ, ప్లాస్టిక్ పొట్లం, ఏదైనా సరే నీళ్లు కొడితే పోయిందనుకుంటారు. అది ఎక్కడికీ పోదు. కాలువలో అడ్డం పడుతుంది. అడ్డం తియ్యడానికి మనిషి దిగుతాడు. మనిషిని దింపొద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. చచ్చినవాళ్ల ఇంటికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. దింపడం ఆగలేదు. పట్టణాల్లో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్లను లెక్కతీస్తే నూటికి 69 మంది ఎస్సీలే అని 2024లో కేంద్ర ప్రభుత్వ లెక్కలే బయటపెట్టాయి. ఇంట్లో పొట్లం పారేసేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి.

ఇంక గ్లాసు. ఈ ముచ్చటకు కొంచెం ఎక్కువ జాగ కావాలె.

చాయ్ హోటల్లో ప్లాస్టిక్ గ్లాసు వద్దంటున్నారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు దేశమంతా నిషేధం. దాని బదులు పేపర్ గ్లాసు వచ్చింది, దాని లోపలా సన్నటి ప్లాస్టిక్ పూతే. ఇదంతా సరే. కానీ ఒకసారి వాడి పారేసే గ్లాసు మా ఊళ్లలోకి ఎందుకు వచ్చిందో ఎవరికైనా తెలుసా? మా తాతలకు కొబ్బరి చిప్పలో పోశారు. మా నాయనలకు వేరే గ్లాసు, చూరులో గుచ్చి ఉండేది. తీసుకొని, తాగి, మనమే కడిగి మళ్లీ చూరులో పెట్టాలె. యువకులు లేచి అడిగారు, కేసులు పెట్టారు, కొన్ని ఊళ్లలో తలలు పగిలాయి. అప్పుడు హోటలాయనకు తెలివి వచ్చింది. ఊరోళ్లకు గాజు గ్లాసు, వాడోళ్లకు ప్లాస్టిక్ గ్లాసు. "శుభ్రత కోసం" అన్నాడు. ఇంకా కొట్లాడితే అందరికీ పారేసే గ్లాసే పెట్టాడు. మా ఎంగిలి కడగడం కంటే ఊరి మొత్తానికి ప్లాస్టిక్ కొనడమే అతనికి నయమనిపించింది. ఆ కుప్పలు కుప్పలు గ్లాసుల కింద దాగి ఉన్నది రెండు గ్లాసుల పద్ధతే.

మాలో కొందరు ఈ పారేసే గ్లాసును మేలనుకున్నారు. నిజమే, ఒకే రకం గ్లాసులో తాగడం మా తరం మొదటిసారి చూసింది. ఆ ముచ్చట తెలియకుండా పట్నం నుంచి వచ్చి స్టీలు గ్లాసు వాడండి అంటే మాకు ఒళ్లు మండుతుంది. ఏ స్టీలు గ్లాసు? ఎన్ని స్టీలు గ్లాసులు? ఎవరు కడగాలె? మేం చెప్పేది ఇది: ఒక్క రకం గ్లాసు, అందరికీ, హోటలాయనే కడగాలె. ఊరోడు తాగిన గ్లాసు కడిగి మాకు, మేం తాగిన గ్లాసు కడిగి ఊరోడికి. అట్లా చేస్తే ప్లాస్టిక్ పోతుంది, కులం కూడా పోవడం మొదలవుతుంది. చెయ్యనంటే 1955 నాటి పౌరహక్కుల చట్టం ఉంది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. గ్లాసు తగ్గించే ఉద్యమం ఎవరైనా పెడితే మేం ముందు నిలబడతాం, ఈ షరతు మీద.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మనవాళ్లను మనం అడగకపోతే ఈ పత్రిక ఎందుకు?

ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం దగ్గర ఎన్ని ఫ్లెక్సీలు కడుతున్నాం? ఆయన బొమ్మ చిన్నది, మన బొమ్మలు పెద్దవి. ఫ్లెక్సీ కుళ్లదు, కాలిస్తే విషం. గుడిసె మీద కప్పుకోవడానికి కొన్ని పనికొస్తాయి, మిగతావి మోరీలో పడతాయి. సభకు నీళ్ల పొట్లాలు బస్తాలకొద్దీ. "జై భీమ్" అని నినాదం ఇచ్చి కాలి కింద పొట్లం తొక్కి పోతాం. మరునాడు పొద్దున విగ్రహం చుట్టూ ఊడ్చేది మన అక్కే. పై సభకొచ్చిన కార్లవాళ్లకూ మనకూ తేడా ఏముంది? బట్ట మీద రాయించండి, ప్రతి ఏడు అదే కట్టొచ్చు. కుండల్లో నీళ్లు పెట్టండి. పెళ్లిళ్లకూ దినాలకూ మోదుగ ఇస్తరాకు మళ్లీ తెప్పించండి, కుట్టేది మన ముసలమ్మలే, నాలుగు పైసలు వాళ్లకే వస్తాయి.

షాంపూ పొట్లం విషయంలో మాత్రం మన ఆడవాళ్లను ఎవరూ తిట్టొద్దు. రోజు కూలి వచ్చేవాళ్లు రోజు సరుకే కొంటారు. అది తెలిసే కంపెనీలు పొట్లాలు చేశాయి. ఆ పొట్లంలో పొరపొరలుగా రకరకాల సరుకు అంటుకొని ఉంటుంది, పాత సామాన్ల వాడు కూడా కొనడు. గ్లాసును నిషేధించిన ప్రభుత్వం ఈ పొట్లాన్ని ముట్టలేదు. చేసినవాడే వెనక్కి తీసుకోవాలని 2016 ప్లాస్టిక్ రూల్స్‌లోనే ఉంది. ఏ కంపెనీ వాడు మీ వాడకు వచ్చి పొట్లాలు ఏరుకున్నాడో చెప్పండి. సంఘంలో పది ఇండ్లు కలిసి పెద్ద సీసా కొని పంచుకుంటే కొంత తప్పుతుంది, అంతే.

ఇంకొకటి. తడి వేరు పొడి వేరు అని మేం రాస్తే, చదివి ఇంట్లో ఆడమనిషికి చెప్పి నువ్వు బయటికి పోతావేమో, అన్నా! బకెట్ నువ్వు ముట్టు. ఊరోడు మనకు చేసింది మనం ఇంట్లో చెయ్యొద్దు. తొక్కలు గోలెంలోకో, గుంతలోకో వెయ్యి. పొడివి ఒక గోనె సంచిలో కట్టి నెలకోసారి అమ్ము. బ్లేడు, గాజు, సూది విడిగా కాగితంలో చుట్టి, మీద గుర్తు పెట్టు. గుంతకు జాగ ఏదంటావా? అది నిజమైన ప్రశ్న. భూమి లేనోడికి పెంటకుప్ప పెట్టుకునే జాగ కూడా లేదు. పంచాయతీని అడగాలె, వాడకు ఎరువు గుంతలకు జాగ చూపించమని. ఆ ఎరువు మీద హక్కు వాడదే కావాలని తీర్మానం రాయించాలె.

గ్రామసభలో ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. డంపింగ్ యార్డు కాలనీ పక్క నుంచి తీసెయ్యాలి. ట్రాక్టరు ముందు వాడకు రావాలి, మిగిలిన డీజిలుతో కాదు. సఫాయి పనివాళ్లకు గ్లౌజులు, బూట్లు, నెల నెలా జీతం. కలిపి ఇచ్చిన బకెట్‌ను తిరిగి గుమ్మం ముందే పెట్టే హక్కు వాళ్లకు ఉండాలి, అట్లా పెట్టినందుకు పని పోవద్దు. సర్పంచ్ ఇంటి బకెటైనా సరే.

వచ్చే సంచికకు ఊరూరి నుంచి మాకు రాసి పంపండి. మీ ఊరి చెత్త షెడ్డు ఎవరి వాడ పక్కన ఉంది? దాంట్లో పనిచేసేవాళ్లు ఏ కులం, నెలకు ఎంత చేతికొస్తోంది? మీ చాయ్ హోటల్లో గ్లాసులు ఎన్ని రకాలు, ఎవరు కడుగుతున్నారు? పోస్టుకార్డు మీద నాలుగు లైన్లు చాలు. పేర్లు వెయ్యొద్దంటే వెయ్యం.